వదులు చేసిన తీగల పాట

శ్రోతలందరికీ నమస్కారం.

హవాయి దీవుల్లో హీలో అని ఒక ఊరుంది. వానల ఊరు. అక్కడ 1925లో తెరిచిన ప్యాలెస్ థియేటర్ ఇప్పటికీ ఉంది. మూకీ సినిమాల నాటి హాలు అది. ఇవాళ ఊరి జనం దాన్ని కాపాడుకుంటూ నడుపుతున్నారు. హవాయి సంగీతం వినాల్సింది అలాంటి చిన్న హాళ్లలోనే. వేదిక మీద రెండు మూడు కుర్చీలు, ఒక గిటారు, చిన్న గిటారులాంటి ఒక ఉకులేలే, పాట సాగుతుండగా ముందుకొచ్చి అక్కడి హులా నాట్యం ఆడే మనిషి. పెద్ద హంగేమీ ఉండదు. ఆ గిటారు మాత్రం మనకు తెలిసిన గిటారులా మోగదు. ఎందుకు మోగదో చెబుతాను.

ఆ గిటారు వాయించే తీరును అక్కడ 'కీ హోఅలు' అంటారు. అంటే, తీగను వదులు చేయడం. 1830ల్లో పశువుల్ని అదుపు చేయడానికి మెక్సికో నుంచి వచ్చిన కాపరులతో గిటారు ఆ దీవులకు చేరిందంటారు. హవాయి వాళ్లు దాన్ని తమ గొంతుకు తగ్గట్టు తిప్పుకున్నారు. ఎవరి కుటుంబం శ్రుతి వారిది. పైవాళ్లకు చెప్పేవారు కాదు. గిటారు పక్కన పెట్టేముందు తీగలు సడలించేసేవారట, ఇంకొకరు చూసి పట్టేయకుండా!

ఆ శ్రుతుల్లో అందరికీ తెలిసినదాని పేరు 'టారో ప్యాచ్'. టారో అంటే మన చేమే. చేమమడి శ్రుతి అన్నమాట. ఇంట్లో గిటారు ఉన్నవాళ్లు చేతిలోకి తీసుకోండి.

మామూలు గిటారులో లావు తీగ నుంచి సన్న తీగ దాకా పాశ్చాత్య స్వరాల పేర్లలో ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఇందులో మూడే తీగలు కదపాలి. లావైన ఆరో తీగను ఇ నుంచి డి దాకా దించండి. నాలుగో తీగతో కలిపి మీటితే రెండూ ఒకే స్వరం, స్థాయి మాత్రం వేరు. అలా కలిసిపోవాలి. అయిదో తీగను ఎ నుంచి జి దాకా దించి, మూడో తీగతో పోల్చుకోండి. చివరికి సన్నని మొదటి తీగను ఇ నుంచి డి దాకా. రెండో తీగను మూడో మెట్టు మీద నొక్కితే ఆ డి పలుకుతుంది, దానితో సరిచూసుకోండి.

ఇప్పుడు జి ని షడ్జం అనుకుని లావు తీగ నుంచి వరసగా మీటండి. ప, స, ప, స, గ, ప. ఆ గాంధారం అంతర గాంధారం. మొదటి నాలుగు మరోసారి వినండి. ప, స, ప, స. వీణ నేర్చినవాళ్లకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మన వీణ మీద అనుమంద్రం, మంద్రం, పంచమం, సారణి, ఆ నాలుగు తీగలూ అచ్చం ఇవే! స్థాయిలతో సహా ఇవే. ఎక్కడి బొబ్బిలి, ఎక్కడి హీలో! ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. మీటగానే చెవికి నిండుగా ఉండాలని ఎవరు కోరుకున్నా చేయి షడ్జ పంచమాల దగ్గరికే వెళుతుంది. నా ఉద్దేశం అది.

వాయించే పద్ధతి కూడా అక్కడి నుంచే వస్తుంది. బొటనవేలు లావు తీగల్ని మార్చి మార్చి మీటుతూ నడక ఆపకుండా పట్టుకుంటుంది. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. ఒక్క మనిషే. విన్నవాళ్లకు ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది.

ఇక చిక్కుల సంగతి. తీగ వదులైతే మెట్లకు తగిలి జుయ్యిమంటుంది. సన్న తీగల సెట్టు వేసినవాళ్లకు ఇది తప్పదు. గేజు అంటే తీగ లావు. 12 గేజు, కుదిరితే 13 గేజు సెట్టు వేసుకోవాలి. రెండోది, మన వీణకు మేరువు ఉన్న చోట గిటారుకు తీగలు కూర్చునే గాళ్లున్న నట్ ఉంటుంది. తీగ ఆ గాడిలో పట్టుకుపోతుంది. శ్రుతి సరిగ్గా కుదిరిందనుకుంటాం, పాట మధ్యలో తీగ జారి స్వరం పడిపోతుంది. అందుకే కావలసిన స్వరం కంటే కాస్త కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపాలి. ఎప్పుడూ కింది నుంచి పైకే. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే తీగ సులువుగా జారుతుంది. మూడోది చాలామంది మరిచిపోతారు. మూడు తీగలు సడలితే కర్ర మీద లాగుడు తగ్గుతుంది, మనం ముట్టుకోని మిగతా మూడూ కాస్త హెచ్చుతాయి. వాటినీ సరిచూడాలి. ఒక్కసారి చూసి వదిలేయకండి, రెండోసారి కూడా చూడండి.

వేదిక మీద దీపాల వేడికి శ్రుతి మళ్లీ కదులుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒకే శ్రుతిలోని పాటల్ని వరసగా పెట్టుకుంటారు. టారో ప్యాచ్ తర్వాత 'వహినే' శ్రుతి పాట వేస్తారనుకోండి, మార్చాల్సింది మూడో తీగ ఒక్కటే, అదీ అర స్వరం. షడ్జం కాకలి నిషాదమవుతుంది. ఆ నిషాదం మీటి, వెంటనే వేలితో మెట్టు మీద తట్టి షడ్జానికి చేరుస్తారు. ఆ చిన్న తట్టులోనే ఉంది దాని తీపంతా. శ్రుతి మారుస్తున్న ఆ కాసేపూ పాట ఏ వాన గురించో, ఏ జలపాతం గురించో కబుర్లు చెబుతారు. దాన్ని టాక్ స్టోరీ అంటారు. హవాయి భాష రాని శ్రోతకు పాటలోకి దారి ఆ కబుర్లే.

మైకు గిటారు రంధ్రానికి ఎదురుగా పెట్టకూడదు. ఆరో తీగ డి కి దిగింది కదా, మోత ఎక్కువై మైకు ఊళ పెడుతుంది. పన్నెండో మెట్టు వైపు తిప్పి జానెడు దూరంలో పెడితే వేళ్ల పని తేటగా వినిపిస్తుంది.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు, మళ్లీ మామూలు శ్రుతికి వెళ్లేటప్పుడు మొదటి తీగను ఒక్కసారిగా బిగించకండి. సన్నది, పాతదైతే తెగుతుంది. ముఖం దూరంగా పెట్టుకుని, కొంచెం బిగించి, మీటి విని, మళ్లీ కొంచెం బిగించండి.