మానిటర్ తెర మీద గీత పడితే ఇంట్లో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు

నమస్కారం. కంప్యూటర్ మానిటర్ తెర మీద పడిన సన్నని గీతను ఇంట్లో ఉన్న వస్తువులతోనే కనబడకుండా ఎలా చేసుకోవాలో ఈ వీడియోలో చూపిస్తాను. గీత మాయమైపోతుందని మాత్రం నేను చెప్పడం లేదు. అది అక్కడే ఉంటుంది, కంటికి అడ్డు రాకుండా ఉంటుంది, అంతే.

మానిటర్ ఆపే ముందు బ్రౌజర్‌లో ఒక ఖాళీ తెల్ల పేజీ తెరిచి, కీబోర్డు మీద ఎఫ్ 11 నొక్కండి. చూశారా, తెర మొత్తం తెల్లగా అయింది. గీతలు వెతకడానికి నేను ఎప్పుడూ వాడే పద్ధతి ఇదే. దీనికి ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఇప్పుడు పైనుంచి కింది దాకా నిలువుగా రంగు చార కనిపించినా, సిరా ఒలికినట్టు నల్లటి మరక కనిపించినా, దెబ్బ లోపలి ప్యానెల్‌కు తగిలిందని అర్థం. దానికి ఈ వీడియోలో చూపించేది ఏదీ పనిచేయదు.

ఇక మానిటర్ ఆపి, ప్లగ్ తీసేసి, చల్లారాక ఇలా తువాలు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా తడిపి తుడవండి. నీళ్లు గుడ్డ మీదే చల్లాలి, తెర మీద కాదు; తెర మీద చల్లిన నీరు కింది అంచుకు జారి ఫ్రేము సందులోంచి లోపలికి దిగితే, చాలా మానిటర్లలో అక్కడే ఉండే సన్నని కనెక్షన్లు తడిసి చెడిపోతాయి. బోరు నీళ్లు ఆరాక తెల్లటి ఉప్పు మచ్చలు మిగులుతాయి కాబట్టి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడటం నాకు ఇష్టం.

తుడిచిన తర్వాత ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. ఇక్కడ రెండు గీతలున్నాయి. ఈ మొదటిదాని మీద గోరు ఆనిస్తే ఏమీ తగలడం లేదు. ఇది ఏదో ప్లాస్టిక్ వస్తువు రాసుకుని అంటించిన మరక. మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే, ఇదిగో, పోయింది. రెండోదాని దగ్గర గోరు ఆగుతోంది. ఇది అసలైన గీత.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువమంది తడబడేది కూడా ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చూద్దాం. మీ తెర మ్యాట్ రకమా, గ్లాసీ రకమా? ఆపిన తెరలో ట్యూబులైటు ప్రతిబింబాన్ని చూడండి. లైటు అంచులు అద్దంలో కనిపించినంత స్పష్టంగా ఉంటే గ్లాసీ, తెల్లగా చెదిరిన మసకలా ఉంటే మ్యాట్. మళ్లీ చూపిస్తాను: ఇక్కడ అంచు చెదిరిపోయింది, కనుక ఇది మ్యాట్. ఆఫీసుల్లో, ఇళ్లలో వాడే మానిటర్లు చాలావరకు ఈ రకమే. వాటి పైపొర మీద కంటికి కనిపించనంత సన్నని గరుకుదనం ఉంటుంది, కాంతిని చెదరగొట్టేది అదే. టూత్‌పేస్టులో రాపిడి పొడి ఉంటుంది కాబట్టి, దానితో రుద్దితే గీతతో పాటు చుట్టూ ఉన్న గరుకుదనం కూడా అరిగిపోయి, ఆ చోట నిగనిగలాడే మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. ఆ మచ్చ గీత కన్నా ఎక్కువగా కళ్లను లాగుతుంది. అందుకే మ్యాట్ తెరకు టూత్‌పేస్టు వద్దు, బేకింగ్ సోడా వద్దు, పాలిష్ వద్దు.

మరి దీనికి ఏం చేయాలి? పెట్రోలియం జెల్లీ, అంటే మనం చలికాలంలో పెదవులకు రాసుకునేదే, ఇయర్‌బడ్ కొనతో ఆవగింజంత తీసుకుని గీత పొడవునా, గీతలోకే దిగేలా రాయండి. స్నానాల గది కిటికీకి ఉండే గరుకు అద్దం మీద నీళ్లు పడ్డచోట అవతలి వైపు కనిపిస్తుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. తెర పైపొరకు సాధారణంగా వాడే సెల్యులోజ్ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, సుమారు 1.48, జెల్లీది కూడా దాదాపు అంతే. కాబట్టి గీత గుంట నిండగానే కాంతి అక్కడ చెదరడం బాగా తగ్గిపోతుంది. మిగిలిన జెల్లీని పొడి గుడ్డతో గీతకు అడ్డంగా తుడవండి. గీత వెంబడి తుడిస్తే లోపల నిండినది కూడా బయటికి వచ్చేస్తుంది. వేలితో నొక్కవద్దు; ఒత్తిడికి లోపలి ప్యానెల్ దెబ్బతింటుంది.

గ్లాసీ ప్లాస్టిక్ తెర అయితే, ప్లాస్టిక్ పాలిష్ ఒక్క చుక్క గుడ్డకు అద్ది, ముందు ఒక మూల పరీక్షించి, తేలికగా గుండ్రంగా రుద్ది తుడిచేయండి. ముందు భాగం గాజు అయితే ఇదీ వద్దు. ఏ తెరకైనా సరే, గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను దగ్గరికి రానివ్వకండి, అది ప్లాస్టిక్ పొరను మెత్తబరిచి పాడుచేస్తుంది.

ఇప్పుడు ప్లగ్ పెట్టి, మళ్లీ అదే తెల్ల పేజీ తెరుద్దాం. ఏటవాలుగా చూస్తే సన్నని జాడ ఉంది, ఎదురుగా కూర్చుని చదువుతుంటే లేదు. తెర తుడిచినప్పుడల్లా జెల్లీ కొంత పోతుంది కాబట్టి, గీత మళ్లీ మెరవడం మొదలైనప్పుడు ఇదే విధంగా ఇంకోసారి రాసుకోవాలి.