దెబ్బతిన్న డీఎన్‌ఏ దగ్గర ఆర్‌ఎన్‌ఏకు ఏం పని?

నమస్కారం. మిట్టమధ్యాహ్నపు ఎండలోని అతినీలలోహిత కిరణాలు మన చర్మకణాల డీఎన్‌ఏను తాకినప్పుడు, ఒకే పోగు మీద పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్‌లు (డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటి) ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా ముడిపడిన చోటికి వచ్చేసరికి, డీఎన్‌ఏకు నకలు తీస్తున్న ఎంజైమ్ ముందుకు సాగలేక ఆగిపోతుంది. ఆ ముడి ఉన్న ముక్కను కత్తిరించి తీసేసి, ఖాళీని మళ్లీ సరైన అక్షరాలతో పూరించే ఏర్పాటు కణంలోనే ఉంది. అది ఎలా పనిచేస్తుందో వివరించినందుకే అజీజ్ సాంజార్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు. ఈ ఏర్పాటు పుట్టుకతోనే లోపించే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బులో, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి.

ఈ కథలో చాలాకాలం వరకు పాత్రధారులన్నీ ప్రొటీన్లే. ఆర్‌ఎన్‌ఏ అంటే డీఎన్‌ఏ చెప్పిన కబురు మోసుకెళ్లేదని మనం బడిలో చదువుకున్నాం కాబట్టి, మరమ్మతు జరిగే చోట దాని కోసం వెతకాలని ఎక్కువమందికి తోచలేదు.

2017లో హార్వర్డ్‌లోని యాంగ్ షీ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ వైపు దృష్టి మళ్లించింది. ఆర్‌ఎన్‌ఏలోని అడెనోసిన్ అనే అక్షరానికి ఒక చిన్న మిథైల్ సమూహం చేరితే దాన్ని ఎం6ఏ అంటారు. నుదుట బొట్టు పెట్టినట్టు మెటిల్‌3 అనే ఎంజైమ్ ఆ గుర్తు పెడుతుంది, ఎఫ్‌టీఓ అనే మరొకటి దాన్ని తుడిచేస్తుంది. కణకేంద్రకంలో అతినీలలోహిత కాంతితో దెబ్బతీసిన చోట, రెండు నిమిషాల్లోపే ఈ గుర్తున్న ఆర్‌ఎన్‌ఏ కనిపించి, కొంతసేపటికి మాయమైంది. మెటిల్‌3 పనిచేయని కణాల్లో మరమ్మతు ఆలస్యమైంది, ఆ కణాలు అతినీలలోహిత కాంతికి తేలిగ్గా లొంగిపోయాయి.

ఆలస్యానికి కారణం వెతికితే, ఖాళీని పూరించే ఎంజైమ్‌లలో ఒకటైన పాలిమరేజ్ కప్పా సమయానికి అక్కడికి చేరడం లేదని తేలింది. నన్ను అన్నింటికంటే ఒప్పించిన ప్రయోగం దీని తర్వాతిదే: మెటిల్‌3 లేని కణాల్లో ఆ పాలిమరేజ్‌ను మోతాదుకు మించి తయారుచేయిస్తే, ముడులు తొలగించడంలో వచ్చిన లోపం చాలావరకు సర్దుకుంది. అంటే ఆర్‌ఎన్‌ఏ మీది గుర్తు స్వయంగా మరమ్మతు చేయడం లేదు, చేసేవాళ్లను త్వరగా పిలుస్తోంది.

డీఎన్‌ఏ రెండు పోగులూ తెగిపోయినప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుందని 2020లో మరో పరిశోధన చూపింది. ప్రమాదాన్ని పసిగట్టే ఏటీఎం అనే ప్రొటీన్ మెటిల్‌3ను మేల్కొలుపుతుంది. అప్పుడు గుర్తుపడిన ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏతో జతకట్టి ఉండి, తెగిన పోగులను బాగుచేసే ర్యాడ్51, బీఆర్‌సీఏ1 ప్రొటీన్లు అక్కడికి చేరడానికి తోడ్పడుతుంది.

రేడియేషన్ చికిత్స క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను తెంచే పని మీదే ఆధారపడుతుంది కనుక, మెటిల్‌3ను అడ్డుకుంటే ఆ కణాలు కోలుకోలేవన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే ఇదే ఎంజైమ్ ఆరోగ్యకరమైన కణాల్లోనూ వేల ఆర్‌ఎన్‌ఏల మీద గుర్తులు పెడుతూ వాటి ఆయుష్షును నిర్ణయిస్తుంది కాబట్టి, దాన్ని ఎంతసేపు, ఎంత మోతాదులో ఆపాలన్నదే అసలు చిక్కు.