ఫోల్డరు అందరికీ తెరిచిపెట్టి, నింద గుమస్తా మీద వేస్తే ఎలా?

(భీమవరంలో అక్కౌంట్సు, కంప్యూటరు సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, రొయ్యల కంపెనీల నుంచి, రైసు మిల్లుల నుంచి, సొసైటీల నుంచి వచ్చిన అక్కౌంట్సు వాళ్లకు, రాత్రి షిఫ్టు దిగి నిద్ర మానుకుని ఇటే వచ్చేసిన కంప్యూటరు రూము తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. పాలకొల్లు నుంచి, నరసాపురం నుంచి, చించినాడ వంతెన దాటి రాజోలు నుంచి కూడా వచ్చారు. చాలా సంతోషం. వెనక వరసల్లో టీ అందలేదంటున్నారు, నిర్వాహకులు కాస్త చూడాలి.

నాకిచ్చిన విషయం ఐబీఎం ఐ సర్వర్‌లో ఫైల్ షేరింగ్ ఏర్పాటు, అంటే సర్వర్‌లోని ఫోల్డర్ ఆఫీసు పీసీల్లో తెరుచుకునేలా పెట్టడం. ఐబీఎం ఐ అంటే ఐబీఎం వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్. 1988లో ఏఎస్/400 పేరుతో వచ్చిన సిస్టమే పేర్లు మార్చుకుంటూ ఇవాళ పవర్ సర్వర్ల మీద ఐబీఎం ఐగా నడుస్తోంది. దాని ఆకుపచ్చ అక్షరాల తెర చూసి పాతదని తీసిపారేసేవాళ్లున్నారు. కానీ విండోస్ పీసీలకు ఫోల్డర్లు అందించే నెట్‌సర్వర్ అందులోనే ఉంది. వేరే మిషను కొనక్కర్లేదు, పీసీలో అదనంగా ఏదీ వేయక్కర్లేదు. సర్వర్‌లోని ఐఎఫ్ఎస్‌లో, అంటే ఫైళ్లు, ఫోల్డర్లు ఉండే చోట, ఒక ఫోల్డర్‌ని షేర్ చేస్తే పీసీలో జెడ్ డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ తయారుచేసిన ఇన్వాయిస్ పీడీఎఫ్ మరుక్షణం డాక్యుమెంటేషన్ సెక్షన్ టేబుల్ మీదుంటుంది. ఈ సౌకర్యం చిన్నది కాదండి.

ఏర్పాటు కూడా కష్టం కాదు. నావిగేటర్‌లో, అంటే సర్వర్ అమరికలు చూసుకునే తెరలో, నెట్‌సర్వర్ తెరిచి, ఫోల్డర్ చూపించి, షేర్ పేరు ఇవ్వాలి. ఆ పేరు 12 అక్షరాలు దాటకూడదు. ముందే మార్చుకోకపోతే నెట్‌వర్క్‌లో సర్వర్ పేరుకు ముందు ‘క్యూ’ చేరి కనిపిస్తుంది. ఇది తెలియక అసలు పేరు కోసం వెతికి, కేబుల్ పోయిందని మనుషుల్ని పరుగులు పెట్టించినవాళ్లున్నారు. ఇంకొకటి. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, కొత్తగా వేసిన పీసీల్లో ఎస్‌ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి మామూలుగా ఉండటం లేదు. పాత సర్వర్‌కి కొత్త పీసీ కలవకపోతే కొందరు ఆ ఎస్‌ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేసి వెళ్లిపోతున్నారు. దయచేసి అలా చేయనివ్వకండి. అదే ఏడాది మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ దారిలోనే. సర్వర్‌నే ఎస్‌ఎంబీ 2 తెలిసిన వెర్షన్‌కి తెచ్చుకోండి.

తర్వాత ఫైళ్లలో తెలుగు అక్షరాలు గజిబిజి కాకుండా సీసీఎస్ఐడీ 1208 అనే అక్షరాల కోడు పెట్టుకోవడం గురించి చెబుదామని రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. ఒక అమ్మాయి విషయం చెప్పకుండా నేను ముందుకెళ్లలేను.

మన జిల్లాలోనే ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ. పేరు వద్దు. ఎక్కడి నుంచో వచ్చిన కన్సల్టెంట్ ఒకాయన నెట్‌సర్వర్ ఏర్పాటు చేశాడు. ఇన్వాయిస్‌ల ఫోల్డర్ ఒక్కటి షేర్ చేస్తే సరిపోయేది. ఆయన రూట్ మొత్తాన్ని, అంటే ఫోల్డర్లన్నిటికీ పైనుండే ఫోల్డర్‌ని, రాసేందుకు కూడా అనుమతిచ్చి, షేర్ చేశాడు. పైగా సెక్షన్‌లో అందరికీ ఒకటే యూజర్ ఐడీ. దానికి ఆల్ ఆబ్జెక్ట్ అధికారం, అంటే సిస్టమ్‌లో దేన్నైనా ముట్టుకోవచ్చు. ఎందుకయ్యా అంటే, ‘‘పర్మిషన్ లేదని రోజూ ఫోన్లు రాకుండా’’ అన్నాడట.

ఒకరోజు పొద్దున డాక్యుమెంటేషన్‌లో పనిచేసే అమ్మాయి, బయ్యర్ పంపినట్టే ఉన్న మెయిల్‌లో అటాచ్‌మెంట్ తెరిచింది. రోజూ అలాంటివి తెరవడమే ఆమె ఉద్యోగం. కాసేపటికి జెడ్ డ్రైవ్‌లో ఒక్కో ఫైలు పేరు చివర ఏదో తోక తగులుకుంటూ వచ్చింది. ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, స్కాన్ చేసి పెట్టుకున్న హెల్త్ సర్టిఫికెట్లు, ఏదీ తెరుచుకోలేదు. బయట లోడైన కంటైనర్ కదలకుండా ఉంది, లోపల కాగితం లేదు. ఆ టెన్షన్ మీలో చాలామందికి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఆ వైరస్ ఐబీఎం ఐలో నడవలేదు, అక్కడ నడిచే వీలూ లేదు, అది విండోస్‌ది. అది ఆమె పీసీలోనే కూర్చుని, షేర్ ఇచ్చిన చనువుతో సర్వర్‌లోని ఫైళ్లని పాడుచేసింది. సర్వర్ దృష్టిలో అదంతా ఆ యూజర్ చేసుకున్న మామూలు పని. మన సిస్టమ్‌కి వైరస్ రాదని ధీమాగా ఉండేవాళ్లు ఇది గమనించాలి.

టేపు మీద బ్యాకప్ వేరేచోట ఉండబట్టి కంపెనీ తేరుకుంది. ఆ అమ్మాయి మాత్రం తేరుకోలేదు. అందరి ముందు నిలబెట్టి అడిగారు. ‘‘నువ్వు నొక్కబట్టే కదా’’ అన్నారు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. రూట్ షేర్ చేసినాయన బిల్లు పూర్తిగా తీసుకుని వెళ్లాడు. నా బాధ ఇదండి. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

డెల్టాలో పుట్టినవాళ్లం. పంటబోదెకి తూము పెట్టి నీళ్లు పారించుకుంటాం గానీ, చేనుకి నీళ్లు కావాలని కాలువ గట్టుకే గండి కొట్టం. రూట్‌ని షేర్ చేయడమంటే గట్టుకి గండి కొట్టడమే.

మీలో ఎంతమంది ఆఫీసుల్లో జెడ్ డ్రైవ్ ఉంది? చేతులెత్తండి. చాలామంది ఉన్నారు. దాని వెనక ఏ ఫోల్డర్ ఉందో తెలిసినవాళ్లు మాత్రం ఎత్తి ఉంచండి. చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో.

షేర్‌కి ఇచ్చే అనుమతి ఒక్కటే చాలదు. చదవడానికి మాత్రమే అంటే ఆ షేర్ ద్వారా వచ్చే అందరికీ అంతే. రాయొచ్చు అంటే అప్పుడు ఎవరు రాయొచ్చో తేల్చేది ఆ ఫోల్డర్ మీదున్న అథారిటీ. ఐబీఎం ఐ వచ్చేటప్పుడే రూట్ మీద పబ్లిక్‌కి పూర్తి అధికారంతో వస్తుంది. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని, ఏ ప్రోగ్రామ్ ఆగిపోతుందో చూసుకుంటూ తగ్గించాలి. క్యూసిస్ డాట్ లిబ్, అంటే మన డేటాబేస్ లైబ్రరీలన్నీ ఉండే చోటు, రూట్ షేర్ లోంచి కూడా కనిపిస్తుంది. ఆ దారి మూయడానికి క్యూపీడబ్ల్యూఎఫ్‌సర్వర్ అనే ఆథరైజేషన్ లిస్ట్, అంటే ఎవరికి అనుమతి ఉందో చెప్పే జాబితా, ఉంది. అందులో పబ్లిక్‌ని, అంటే మామూలు యూజర్లందరినీ, ఎక్స్‌క్లూడ్ చేయండి. ఆల్ ఆబ్జెక్ట్ ఉన్న యూజర్‌ని మాత్రం అది ఆపదు. అందుకే గుమస్తాలకి ఆ అధికారం ఇవ్వకూడదంటున్నాను. 2022లో వచ్చిన 7.5 వెర్షన్‌లో అయితే షేర్‌కే ఆథరైజేషన్ లిస్ట్ తగిలించొచ్చు. డాక్యుమెంటేషన్ వాళ్ల షేర్‌ని స్టోర్సు వాళ్లు తెరవనే లేరు.

ఎవరి ఐడీ వాళ్లకి ఇస్తే పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఇబ్బంది అంటారు. నిజమే. విండోస్ పాత పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని పదేపదే పంపుతుంది, నెట్‌సర్వర్ ఆ యూజర్‌ని ఆపేస్తుంది. ఆకుపచ్చ తెర మీద సైనాన్ (లాగిన్) అవుతుంది, జెడ్ డ్రైవ్ మాత్రం రాదు. నావిగేటర్‌లో డిసేబుల్ అయిన యూజర్ల జాబితా ఉంటుంది, అక్కడ తిరిగి ఎనేబుల్ చేసి, పీసీలో దాచిన పాత పాస్‌వర్డ్ తీసేయండి. నిమిషాల పని. దీనికి బద్ధకించి అందరికీ ఒకటే ఐడీ ఇస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎవరి పీసీ నుంచి వచ్చిందో తేల్చడం ఎంత కష్టమో ఆలోచించండి.

యజమానులు కూడా వచ్చారు. అయ్యా, మీకు కమాండ్లు రానక్కర్లేదు. సోమవారం మీ కంప్యూటరు ఇన్‌ఛార్జిని పిలిచి షేర్ల జాబితా ప్రింటు తీసిమ్మనండి. ఏ షేర్ ఏ ఫోల్డర్‌ని చూపిస్తోంది, రాసే అనుమతి ఎవరికుంది, ఈ రెండూ అడగండి. ఒక్క ముందుకు వాలిన గీత మాత్రమే దారిగా కనిపిస్తే అది రూట్. అక్కడ ఆగి, ఎందుకని అడగండి.

సంఘం కార్యదర్శిగారికి నాదొక విన్నపం. ఈ సాయంత్రం తీర్మానాలు రాసేటప్పుడు ఒకటి చేర్చండి. ఏ సభ్య కంపెనీలోనైనా ఇలాంటి నష్టం జరిగితే, ఏ ఉద్యోగినైనా సంజాయిషీ అడిగేముందు ఆరోజు షేర్లు, అధికారాలు ఎలా ఉన్నాయో కాగితం మీద పెట్టాలని. ఏర్పాటు చేసినవాళ్లని కూడా అదే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలని. బలపరిచేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి.