ఊరగాయ జాడీ మీద రంగు నిలబడాలంటే

యాంకర్: నమస్కారం, అనంతపురం స్టూడియో నుంచి మాట్లాడుతున్నాం. పింగాణీ మీద, ఎనామిల్ గిన్నెల మీద రంగులేసి కాల్చే పని గురించి ఈ రోజు మీ డౌట్లు అడగొచ్చు, మేడం లైన్లోనే ఉన్నారు. ప్రొద్దుటూరు నుంచి ఒక చెల్లెలు, చెప్పమ్మా.

కాలర్: నమస్తే అక్కా. ఊరగాయ జాడీల మీద చిలకలు, పూలు ఏసి అమ్ముదామని యాక్రిలిక్ రంగులేసి ఇంట్లో ఓవెన్‌లో పెట్టినా, చూసేకి శానా బాగుండాది గానీ సబ్బేసి తోమితే పొరలు పొరలుగా లేచొచ్చింది. ఇంకా ఎక్కువసేపు పెట్టాల్నా?

మేడం: ఎంతసేపు పెట్టినా నిలబడదమ్మా. ఇంటి ఓవెన్ మహా అంటే 250 డిగ్రీలు పోతాది. జాడీ మీద నున్నగా మెరిసేది గ్లేజ్, అంటే గాజు పూత. దాంట్లోకి రంగు కరిగి అతుక్కోవాలంటే 700 నుంచి 850 డిగ్రీల వేడి కావాల. అందుకే రంగు కూడా వేరే, ఓవర్‌గ్లేజ్ రంగు అని పొడి దొరుకుతాది, అందులో మెటల్ ఆక్సైడూ తొందరగా కరిగే గాజు పొడీ ఉంటాయి, దాన్ని లవంగ నూనెలోనో టర్పెంటైన్‌లోనో మెత్తగా నూరి పలచగా ఏసుకోవాల. దండిగా పూస్తే కాల్చినాక పెచ్చులూడుతాది.

కాలర్: మా ఊర్లో కుమ్మరోళ్ల ఆవముంది, దాంట్లో పెట్టొచ్చా?

మేడం: వద్దమ్మా. ఆవంలో పొగ, బూడిద రంగుకంటుకుంటాయి, వేడి అన్ని చోట్లా ఒకే మాదిరి ఉండదు. కరెంటు కిలన్, అంటే కరెంటుతో కాల్చే బట్టీ, ఉన్న స్టూడియోవాళ్లకు డబ్బులిచ్చి కాల్పించుకో, మొదట్లో అదే మేలు. మొదట కిలన్ మూత కొంచెం తెరిచిపెట్టి నిదానంగా వేడెక్కించమని చెప్పు, నూనె పొగ బయటికి పోకుంటే రంగు మసకబారుతాది. చల్లారేటప్పుడూ తొందరొద్దు, 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉండే క్వార్ట్జ్ సైజు మారుతాది, గబుక్కున చల్లారిస్తే జాడీ పగులుతాది. పాత జాడీలొద్దు, సన్న పగుళ్లుంటే ఉప్పూ నూనే లోపలికి ఇంకి ఉంటాయి, కాల్చినప్పుడు నల్ల మచ్చలొస్తాయి.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తాండా. జాడీ లోపల, మూత లోపలి అంచు మీద ఒక్క చుక్క రంగు కూడా ఎయ్యొద్దు. కొన్ని రంగుల్లో సీసం, ఎరుపు పసుపుల్లో కాడ్మియం ఉంటాయి, మన ఊరగాయేమో చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, ఏడాది పొడుగునా ఆ పులుపులో నానుతాది. ఆ విషం దిగేది కంటికి కనపడదు, తినేది మన పిల్లోళ్లే కదమ్మా. డబ్బా మీద సీసం లేదని రాసున్నా సరే, బయట వైపే వెయ్యి.

కాలర్: సరే అక్కా, చిలకకు ఎరుపు ముక్కు ఏస్తే నల్లబడతాదంటారు?

మేడం: ఇనుముతో చేసే ఎరుపు వేడెక్కువైతే మాడి వెలిసిపోతాది. కాడ్మియం ఎరుపును వేరే రంగులతో కలపకూడదు, విడిగా ఎయ్యాల. నీలానికి కోబాల్ట్, అది గట్టి రంగు, భయం లేదు. ముందు పగిలిన పింగాణీ పెంకు మీద ప్రతి రంగూ ఏసి కాల్చి చూసుకో.

యాంకర్: తాడిపత్రి నుంచి ఇంకో కాల్.

కాలర్: మేడం, మా అవ్వ కాలం నాటి ఎనామిల్ పళ్లాలున్నాయి, వాటి మీద కూడా ఇట్లే కాల్చొచ్చా?

మేడం: కాల్చొచ్చు గానీ పద్ధతి తిరగబడుతుందన్నా. అడుగున ఇనుప రేకు కదా, గంటలకొద్దీ పెట్టే పని లేదు, ముందే వేడెక్కిన కిలన్‌లో పొడుగు పట్టకారుతో పెట్టి కొన్ని నిమిషాల్లో తీసేయాల. జాడీలతో కలిపి పెట్టొద్దు. పెచ్చులూడి నల్ల ఇనుము కనపడేవాటిలో అన్నం తినొద్దు, వాటిని గోడకు తగిలించుకోండి.

యాంకర్: కర్నూలు నుంచి చివరి కాల్.

కాలర్: టీ కప్పులకు బంగారు గీత ఏసినాం మేడం, మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా?

మేడం: పెట్టొద్దు, నిప్పు రవ్వలొస్తాయి. ఆ గీత కూడా రంగులన్నీ కాలినాక చివర్లో, ఇంకా తక్కువ వేడిలో కాల్చాల. పెదవి తగిలే అంచు వదిలి కొంచెం కిందికి గీయండి.