దొంగల చేతిలో కాగడాలైన చరిత్ర

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

క్రీ.శ. 280 ప్రాంతంలో ఉత్తర చైనాలోని జీ అనే సీమలో దొంగలు ఒక పాత సమాధిని తవ్వారు. ఆ చోటు ఇప్పటి హెనాన్ రాష్ట్రంలో ఉంది. లోపల చీకటి. చేతికి ఎండిన వెదురు బద్దల కట్టలు తగిలాయి. వాటిని అంటించి, ఆ వెలుగులో బంగారం కోసం వెతుక్కున్నారు. ఆ బద్దల మీద రాత ఉందని వాళ్లకు పట్టలేదు. అధికారులు వచ్చేసరికి కొన్ని కాలిపోయాయి, కొన్ని విరిగిపోయాయి, మిగిలినవి చిందరవందరగా పడి ఉన్నాయి. అలా మిగిలినవే పదుల బండ్లకు ఎక్కాయని చైనా చరిత్రకారులు రాశారు. వాటిలో ఒక చరిత్ర పుస్తకం గురించే ఇవాళ నా మాటలు.

మనకు తాళపత్రం ఎలాగో వాళ్లకు వెదురు బద్ద అలాగ. ఆ సమాధిలోనే దొరికిన మరో పుస్తకాన్ని షూన్ షూ అనే రాజోద్యోగి పరిష్కరించాడు. ఆయన వర్ణన చదివితే ఆ బద్ద మన చేతిలో ఉన్నట్టే ఉంటుంది. పాత చైనా కొలబద్దతో చూస్తే పొడవు 2 అడుగుల 4 అంగుళాలట. సిరాతో రాత, బద్దకు 40 అక్షరాలు, బద్దలన్నీ తెల్లని పట్టుదారంతో కుట్టి ఉన్నాయి. ఆ దారం తెగితే ఏ బద్ద తరువాత ఏదో ఎవరు చెప్పాలి? పైగా లిపి అప్పటికే వాడుక తప్పి ఐదు వందల ఏళ్లు. అక్షరాలు తోకకప్పల్లా ఉన్నాయన్నారు చూసినవాళ్లు.

ఇక నేను చెప్పాలనుకున్న పుస్తకం, వేయ్ అనే ప్రాచీన రాజ్యపు సంవత్సర వృత్తాంతం. చైనాలో దాన్ని జూషూ జినియాన్ అంటారు, అంటే వెదురు మీద రాసిన ఏటేటి చరిత్ర. క్రీ.పూ. 213లో చిన్ షి హువాంగ్ చక్రవర్తి తన రాజ్యానివి తప్ప మిగతా రాజ్యాల చరిత్రలన్నీ తగలబెట్టించాడు. ఇది అప్పటికే మట్టి కింద ఉంది కాబట్టి బతికింది. చైనా చరిత్రకు తండ్రి లాంటి సిమా చియాన్ క్రీ.పూ. 100 ప్రాంతంలో తన గ్రంథం రాసేటప్పుడు ఈ పుస్తకం ఆయన కంట పడలేదు.

మొదట్లోనే చూసిన అదృష్టవంతుడు దూ యూ. ఆయన సేనాని, పండితుడు. వూ రాజ్యాన్ని జయించిన యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఒక ప్రాచీన చరిత్రకు వ్యాఖ్యానం పూర్తిచేశాడు. సరిగ్గా అప్పుడే ఈ వార్త వచ్చింది. వ్యాఖ్యానం చివర తాను చూసింది రాసి పెట్టాడు. అందులో ఒక విషయం నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

చైనాలో యీ యిన్ అంటే ఆదర్శ మంత్రి. దారి తప్పిన షాంగ్ వంశపు కుర్ర రాజు తాయ్ జియాను తుంగ్ అనే చోటికి పంపాడు, మూడేళ్లకు రాజు మారాక పిలిచి సింహాసనం అప్పగించాడు. అందరూ చదువుకున్న కథ ఇది. వెదురు పుస్తకం మాత్రం యీ యిన్ తానే గద్దె ఎక్కాడంది. అలా పంపిన ఏడో ఏట తాయ్ జియా రహస్యంగా తప్పించుకొచ్చి ఆయన్ని చంపాడంది. దూ యూ దీన్ని నమ్మలేదు. అయినా ఉన్నదున్నట్టు రాసి, తనకెందుకు అనుమానమో కింద చెప్పాడు. నాకూ అనుమానమే. తరువాతి షాంగ్ రాజులు ఎముకల మీద చెక్కించిన శాసనాల్లో యీ యిన్‌కు బలులు ఇచ్చినట్టు ఉంది. ద్రోహికి రాజులు తరతరాలు పూజ చేస్తారా? కానీ నచ్చని మాటను కూడా చెరపకుండా దాచిన దూ యూకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఎందుకంటే ఆ పుస్తకం మళ్లీ పోయింది. సోంగ్ రాజుల కాలం (10–13 శతాబ్దాలు) తరువాత ఎవరి దగ్గరా లేదు. మింగ్ కాలంలో అదే పేరుతో ఒక ప్రతి వచ్చింది కానీ, అందులో చాలా భాగం తరువాత అల్లిందేనని ఆ వెనకటి చింగ్ రాజుల కాలపు పండితులు తేల్చారు. ఇప్పటికీ దాని మీద వాదన ఉంది. మరి అసలు ఎక్కడుంది? ఇతరుల వ్యాఖ్యానాల్లో ఉంది. నదుల గురించి రాసినవాడు ఒక వాక్యం, సిమా చియాన్‌తో తేడా చూపాలనుకున్నవాడు ఇంకో వాక్యం ఎత్తి రాసుకున్నారు. వాటిని 19వ శతాబ్దంలో జూ యౌజెంగ్, 1917లో వాంగ్ గువోవెయ్ ఏరి కూర్చారు.

ఒక్కో ముక్క ఎంత చిన్నదో చూడండి. జౌ వంశపు యీ అనే రాజు ఏలుబడి మొదటి ఏట, జెంగ్ అనే చోట రెండుసార్లు తెల్లవారింది. అంతే, ఇంకేమీ లేదు. సూర్యోదయ వేళ గ్రహణం పడితే వెలుగు వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. అది క్రీ.పూ. 899 ఏప్రిల్ 21 నాటి గ్రహణమని కొందరు లెక్కగట్టారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అసలు అలా కనిపిస్తుందా అని తేల్చుకోవడానికి 1997 మార్చి 9న షిన్‌జియాంగ్‌లో ఉదయపు గ్రహణాన్ని జనం కాపు కాసి చూశారు. వెలుగు తగ్గి, మళ్లీ పెరగడం కళ్లకు కనిపించింది.

ఇక దూ యూ పట్టుకున్న రెండో విషయం. సిమా చియాన్ లెక్కలో వేయ్ రాజు హుయ్ 36 ఏళ్లు, తరువాత షియాంగ్ 16, ఆ తరువాత ఆయ్ 23 ఏళ్లు ఏలారు. వెదురు పుస్తకంలో హుయ్ రాజు తన ఏలుబడి 36వ ఏట మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టి, ఇంకో 16 ఏళ్లు ఏలాడు. ఒకే రాజు ఏళ్లను సిమా చియాన్ ఇద్దరికి పంచేశాడన్నమాట. ఇక్కడ దూ యూ వెదురు పుస్తకం వైపే మొగ్గాడు. ఇప్పటి చరిత్రకారులదీ అదే మాట. ఆయ్ అనే రాజు అసలు లేడు.

హుయ్ తరువాత వచ్చిన రాజుకు ఆ పుస్తకంలో పేరే లేదు. ఇప్పటి రాజు అని మాత్రమే ఉంది. బిరుదు పేరు చనిపోయాకే పెడతారు, రాసేనాటికి ఆయన బతికే ఉన్నాడు. ఆయన ఏలుబడి 20వ ఏట, అంటే క్రీ.పూ. 299లో రాత ఆగిపోయింది. మూడేళ్లకు ఆయన పోయాడు. షియాంగ్ అని పేరు పెట్టి, పుస్తకాన్ని పక్కన పెట్టి పూడ్చారు. ఆ సమాధి ఆయనదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.