సంపద ఒకచోట, స్థానం మరొకచోట: ఉగాండా, బ్రిటన్‌లలో భారతీయ వలస సమాజాలు

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం.

వలస సమాజాల మంచిచెడ్డలు చర్చించేటప్పుడు మనం సాధారణంగా ఒకే దేశంలోని వేర్వేరు సమూహాలను పక్కపక్కన పెట్టి చూస్తాం. బ్రిటన్‌లో గుజరాతీలు ఇలా ఉన్నారు, బంగ్లాదేశీయులు అలా ఉన్నారు అంటాం. ఈ రోజు ఆ పద్ధతిని తిరగేసి, ఒకే సమూహాన్ని రెండు దేశాలలో నిలబెట్టి చూడాలనుకుంటున్నాను. ఉగాండాలో రెండు మూడు తరాలపాటు వ్యాపారాలు చేసి, 1972లో మూడు నెలల గడువులో ఆ దేశం వదిలి, పెద్ద సంఖ్యలో బ్రిటన్ చేరిన భారతీయ సంతతివారు ఇటువంటి పరిశీలనకు అరుదైన అవకాశం ఇస్తారు. మనుషులు వారే, బంధుత్వాలు అవే, మతమూ వంటా పండుగలూ అవే. మారినవి వారి చుట్టూ ఉన్న చట్టాలు, బజారు, ఇరుగుపొరుగు. అందువల్ల రెండుచోట్లా ఫలితాలు వేరుగా ఉంటే, దానికి 'వాళ్ళ సంస్కృతి' అని ఒక్క ముక్కలో కారణం చెప్పి ఊరుకోవడం కుదరదు.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. ఉగాండా భారతీయులంతా రైలుమార్గం వేయడానికి వెళ్ళిన కూలీల సంతానమని చాలామంది నమ్ముతారు. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు ఒడ్డు దాకా 1896లో మొదలై 1901లో సరస్సును చేరిన ఆ మార్గానికి బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు 32,000 మందిని, ఎక్కువగా పంజాబు నుంచి, ఒప్పంద కూలీలుగా తీసుకుపోయిన మాట నిజమే. వారిలో సుమారు 2,500 మంది ఆ పనిలోనే ప్రాణాలు కోల్పోయారు. సుమారు 6,700 మంది అక్కడే ఉండిపోయారు. మిగిలినవారిలో అత్యధికులు తిరిగి వచ్చేశారు. ఉగాండా పట్టణాలలో అంగళ్ళు తెరిచినవారు మాత్రం చాలావరకు వేరు. వారు గుజరాత్‌లోని కాఠియావాడ్, కచ్, చరోతర్ ప్రాంతాల లోహాణాలు, పటేళ్ళు, ఇస్మాయిలీ ఖోజా ముస్లింలు. స్వంత ఖర్చుతోనో, ముందే వెళ్ళిన బంధువు పిలుపుతోనో సముద్రం దాటినవారు. కచ్ నుంచి బాలుడిగా జాంజిబార్ చేరిన అల్లిదీనా విశ్రామ్, 1916లో మరణించేనాటికి రైలు పట్టాల వెంబడి ఊరూరా దుకాణాలున్న పేరుమోసిన వర్తకుడు. మన గోదావరి, విశాఖ జిల్లాల నుంచి మారిషస్‌కు, నాటాల్‌కు, ఫిజీకి చెరకు తోటల కూలీలుగా వెళ్ళినవారితో వీరిని కలిపి చూడకూడదు. ఆ కూలీలు తమ శ్రమను ముందే ఏళ్ళ తరబడికి రాసిచ్చి ఓడ ఎక్కారు. ఈ వర్తకులకు అవతలి ఒడ్డున సరుకు అరువు ఇచ్చే మనిషి ముందే ఉన్నాడు.

ఉగాండాలో వీరు ధనవంతులైన తీరును ఓపికగా చూడాలి. వలస పాలన సమాజాన్ని మూడంతస్తులుగా కట్టింది. పైన యూరోపియన్ అధికారి, నడుమ ఆసియన్ (భారత ఉపఖండం వారిని అక్కడ అలా పిలిచేవారు) వర్తకుడూ గుమాస్తా, కింద ఆఫ్రికన్ రైతు. ఆసియన్లు ఆఫ్రికన్ల నుంచి భూమిని శాశ్వత హక్కుతో పొందడానికి ఆంక్షలు ఉండేవి. అందువల్ల వారి పెట్టుబడి పట్టణాలకూ, దుకాణాలకూ, పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులకూ మళ్ళింది. రైతు పండించిన పత్తిని కొనేదీ, అతనికి బట్టా ఉప్పూ కిరసనాయిలూ అమ్మేదీ ఒకే వర్గం కావడంతో, ధర పడిపోయిన ప్రతిసారీ రైతు కోపం లండన్ వైపు కాక ఎదురుగా కనిపించే కొట్టు వైపు మళ్ళేది. 1945లోనూ 1949లోనూ ఉగాండాలోని బుగాండా ప్రాంతంలో జరిగిన అల్లర్లలో పత్తి వ్యాపారం మీద ఆగ్రహం బలంగా వినిపించింది. ఆఫ్రికన్ సహకార సంఘాల చేతికి జిన్నింగ్ మిల్లులు రావడం 1950లలో గానీ మొదలుకాలేదు. ఈలోగా నాన్‌జీ కాళిదాస్ మెహతా లుగాజీలో 1924లోనూ, ముల్జీభాయ్ మాధ్వానీ కకీరాలో 1930లోనూ చక్కెర కర్మాగారాలు నెలకొల్పారు. 1969 జనాభా లెక్కలలో ఆసియన్లు సుమారు 74,000 మంది, అంటే దేశ జనాభాలో నూటికి ఒకరు కూడా కారు. అయినా టోకు వర్తకం, పరిశ్రమలు అత్యధికంగా వారి చేతుల్లోనే ఉన్నాయి.

ఆదాయం ఒక్కటే కొలబద్ద అయితే ఉగాండా భారతీయులది గొప్ప విజయం. సామాజిక ఫలితాలు చూస్తే బొమ్మ మారుతుంది. బడులు వేరు, ఆసుపత్రులు వేరు, నివాసాలు వేరు, పెళ్ళిళ్ళ మాట చెప్పనక్కరలేదు. ఈ వేర్పాటులో వలస పాలన వాటా ఎంత, వీరి కులమత కట్టుబాట్ల వాటా ఎంత అనేది నేటికీ వాదన జరిగే విషయం. నా అభిప్రాయంలో రెండోదాన్ని తక్కువ చేసి చూపడం మన అలవాటు. ఆఫ్రికన్ పనివాణ్ణి వంటింటి దాకా రానిచ్చి, భోజనాల బల్ల దగ్గరికి రానివ్వని ఇళ్ళు ఏ చట్టం వల్లా అలా ఉండలేదు. 1959లో బుగాండాలో ఆసియన్ దుకాణాల బహిష్కరణ మొదలై నెలల తరబడి సాగింది. 1962 అక్టోబరు 9న స్వాతంత్ర్యం వచ్చాక పౌరసత్వం ఎంచుకునే గడువు ఇచ్చినప్పుడు చాలామంది బ్రిటిష్ పాస్‌పోర్టునే అట్టిపెట్టుకున్నారు. భయపడేవారికి అది ముందుజాగ్రత్త, చూసేవారికి అది అవిశ్వాసం. దరఖాస్తు చేసినవారి గతి కూడా బాగులేదు. పరిష్కారం కాకుండా పడి ఉన్న 12,000కు పైగా దరఖాస్తులను దేశాధ్యక్షుడు ఇదీ అమీన్ 1971 చివరిలో రద్దు చేశాడు. ఇటు బ్రిటన్ 1968లోనే, ప్రధానంగా కెన్యా ఆసియన్లను దృష్టిలో పెట్టుకుని, మూడు రోజుల్లో ఒక చట్టం చేసి, తాను ఇచ్చిన పాస్‌పోర్టుల విలువను తానే తగ్గించింది.

1972 ఆగస్టు మొదటి వారంలో, ఆసియన్లు దేశం విడిచి వెళ్ళాలన్న అమీన్ ప్రకటన వెలువడింది. గడువు నవంబరు 8. కుటుంబానికి యాభై పౌండ్ల చొప్పున మాత్రమే వెంట తీసుకుపోనిచ్చారు. దారిపొడవునా సైనికుల తనిఖీ కేంద్రాల వద్ద నగలూ గడియారాలూ ఊడ్చుకున్నారు. దాదాపు 28,000 మంది బ్రిటన్ చేరారు. వేల మంది కెనడాకూ, భారతదేశానికీ వెళ్ళారు. ఏ పౌరసత్వమూ లేనివారిని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూరప్‌లోని శిబిరాలకు చేర్చింది. కెనడా చదువూ నైపుణ్యమూ చూసి మనుషులను ఎంచుకోగలిగింది. బ్రిటన్ తన పాస్‌పోర్టు ఉన్నవారిని, ఇష్టమున్నా లేకున్నా, స్వీకరించక తప్పలేదు. ఇప్పుడు 'బ్రిటన్ ఔదార్యం' అని చెప్పుకునేదాని వెనుక ఈ చట్టబద్ధమైన బాధ్యత ఉంది.

సెప్టెంబరు 18న మొదటి విమానం స్టాన్‌స్టెడ్‌లో దిగింది. పాత సైనిక స్థావరాలలో పదహారు శిబిరాలు తెరిచారు. సఫోక్‌లోని స్ట్రాడిషాల్ వైమానిక స్థావరం, వేల్స్ సముద్రతీరాన ఈదురుగాలులు వీచే టోన్‌ఫనౌ శిబిరం వాటిలో ఉన్నాయి. వీరి కోసం బ్రిటిష్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన పునరావాస మండలి దేశాన్ని ఎర్ర ప్రాంతాలు, ఆకుపచ్చ ప్రాంతాలుగా విభజించి, ఇప్పటికే వలసదారులున్న ఎర్ర ప్రాంతాలకు వెళ్ళవద్దని చెప్పింది. లెస్టర్ నగర కౌన్సిలు మరో అడుగు ముందుకు వేసి, కంపాలాలోని ఉగాండా ఆర్గస్ పత్రికలో, మీ మేలు కోరి చెబుతున్నాం, మా ఊరికి రాకండి అనే అర్థంలో ప్రకటన వేయించింది. ప్రకటన చదివినవారు వేల సంఖ్యలో అదే ఊరికి వచ్చారు. అక్కడ ముందే బంధువులున్నారు, చవక ఇళ్ళున్నాయి, బట్టలు, చెప్పులు, యంత్రాల కార్ఖానాలలో పని ఉంది.

తర్వాత జరిగినదాన్ని 'యాభై పౌండ్లతో వచ్చి కోటీశ్వరులయ్యారు' అనే కథగా చెప్పడం అందరికీ ఇష్టం. చేతిలో డబ్బు లేదన్నది నిజం. ఇంగ్లీషు, పాఠశాల చదువు, లెక్కలు రాసే అలవాటు, సరుకు అరువు తెచ్చుకునే నేర్పు, వడ్డీ లేకుండా డబ్బు సర్దే బంధువులు మాత్రం ఏ సైనికుడూ లాక్కోలేనివి. వీరు కుటుంబాలతో వచ్చారు, తిరిగి వెళ్ళే ఊరు లేదని తెలిసి వచ్చారు. దాంతో మొదటి రోజు నుంచే పిల్లల చదువు, ఇంటి కొనుగోలు వీటిపైనే దృష్టి పెట్టారు. అయినా మొదటి పదేళ్ళు చాలామందికి దిగజారిన జీవితమే. కంపాలాలో పదిమందికి జీతాలిచ్చినవాడు లెస్టర్‌లో రాత్రి షిఫ్టు చేశాడు. ఇంటి గడప దాటి కూలికి వెళ్ళని స్త్రీలు కన్వేయర్ బెల్టు ముందు నిలబడ్డారు. నా దృష్టిలో ఈ మొత్తం వలసలో అతిపెద్ద సామాజిక మార్పు ఇదే. 1974లో లెస్టర్‌లోని ఇంపీరియల్ టైప్‌రైటర్స్ కర్మాగారంలో బోనసు విషయమై ఆసియన్ కార్మికులు నెలల తరబడి సమ్మె చేస్తే స్థానిక కార్మిక సంఘ నాయకత్వం వారి వెంట నిలవలేదు. మరుసటి సంవత్సరం ఆ కర్మాగారమే మూతపడింది. 1976లో లండన్‌లోని గ్రన్‌విక్ ఫోటో ప్రాసెసింగ్ కర్మాగారంలో మొదలైన సమ్మెకు నాయకత్వం వహించిన జయాబెన్ దేశాయ్ టాంజానియా మీదుగా వచ్చిన గుజరాతీ స్త్రీ. సొంత కొట్టు పెట్టుకోవడం చాలామందికి వ్యాపారపు మోజు వల్ల కాక, కార్ఖానాలో పదోన్నతి దొరకక, కార్ఖానాలే మూతపడి జరిగింది. కిరాణా, పత్రికల దుకాణం, మందుల షాపు, చిన్న తపాలా కార్యాలయం తెల్లవారుజామున తెరిచి రాత్రి మూసేవారు. పిల్లలు ఆ కొట్టు వెనక గదిలో చదువుకుని ఫార్మసిస్టులు, అకౌంటెంట్లు, వైద్యులు అయ్యారు.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2018 లెక్కల ప్రకారం గంటకు మధ్యస్థ వేతనం శ్వేత బ్రిటిషర్లకు 12.03 పౌండ్లు, భారతీయ సంతతికి 13.47, పాకిస్తానీ సంతతికి 10.00, బంగ్లాదేశీ సంతతికి 9.60. వీటిని చూసి గుణగణాలు తేల్చే ముందు రెండు విషయాలు గమనించాలి. 'భారతీయ' అనే గడిలో ఉగాండా గుజరాతీలే కాక, పంజాబు రైతులు, ఆసుపత్రులలో పనిచేసే మన వైద్యులు, నిన్నమొన్న హైదరాబాదు నుంచి ఉద్యోగ వీసాపై వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కూడా ఉన్నారు. వీసా జల్లెడ పట్టి పంపినవారి జీతాలు ఆ అంకెను పైకి లాగుతాయి. ఇక పాకిస్తానీ సంతతిలో పెద్ద భాగం మీర్పూర్ ప్రాంతంవారు. 1960లలో మంగ్లా ఆనకట్ట కింద లక్షమంది వరకు నిర్వాసితులైనప్పుడు, గ్రామీణ కుటుంబాల మగవారు బ్రాడ్‌ఫర్డ్, ఓల్డామ్ బట్టల మిల్లులకు చేరారు. ఆ మిల్లులు పదిహేను, ఇరవై ఏళ్ళలో కుప్పకూలాయి. పట్టణ వర్తకుడి కొడుకునూ, ముంపు గ్రామపు రైతు కొడుకునూ ఒకే పరుగు పందెంలో నిలబెట్టి, గెలుపుకు కారణం మతమనడం అన్యాయం.

ఉగాండా నుంచే వచ్చిన మరో సమూహాన్ని ఈ చర్చలో ఎవరూ తలచుకోరు. అమీన్ దౌర్జన్యానికి ఆఫ్రికన్లు కూడా దేశం వదిలారు. హైకోర్టులో న్యాయవాదిగా ఉండి 1974లో బ్రిటన్ చేరిన జాన్ సెంటాము 2005లో ఇంగ్లండ్ చర్చిలో యార్క్ ఆర్చిబిషప్ అయ్యారు. ఆయనది అసాధారణ జీవితం. అదే దేశం నుంచి వచ్చిన ఇతర ఆఫ్రికన్లకు నగరంలో ముందే స్థిరపడిన వర్తక బంధువర్గం లేదు, పునరావాస మండలి లేదు, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు అసలే లేదు.

గుజరాతీల లోపలా అందరూ ఒక్కటి కాదు. లెస్టర్ బెల్‌గ్రేవ్ రోడ్డులో బంగారు దుకాణాల వరుసకు కొంత దూరంలోనే, చట్టబద్ధమైన కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చే కుట్టు కార్ఖానాలు ఉన్నాయని 2020లో కోవిడ్ సమయంలో దేశమంతా తెలుసుకుంది. ఆ కార్ఖానాలలో యజమాని ఆసియన్, కుట్టే మనిషీ ఆసియనే. 2022 సెప్టెంబరులో అదే ఊరిలో హిందూ, ముస్లిం యువకుల మధ్య ఘర్షణలు జరిగాయి. ఆదర్శ సమాజమని పొగిడేవారు ఈ పేజీలు తిప్పేస్తారు.

ఉగాండాలో మిగిలిన కథ కూడా చెప్పాలి. ఆసియన్ల దుకాణాలను, మిల్లులను సైనికులకూ వారి అనుచరులకూ పంచారు. సరుకు అమ్ముడుపోయాక అలమరాలు ఖాళీ అయ్యాయి, చక్కెర ఉత్పత్తి అడుగంటింది. 1986లో అధికారానికి వచ్చిన ముసెవెనీ ప్రభుత్వం 1990లలో ఆస్తుల వాపసును ముందుకు నడిపింది. మెహతా, మాధ్వానీ కుటుంబాలు మళ్ళీ చక్కెర తీస్తున్నాయి. 1972లో బ్రిటన్ వెళ్ళి చిన్నాచితకా పనులు చేసి, 1985లో తిరిగి వచ్చిన సుధీర్ రూపారేలియా దేశంలోని అత్యంత సంపన్నుల్లో ఒకరయ్యారు. వెళ్ళినవారిలో తిరిగి స్థిరపడినవారు మాత్రం కొద్దిమందే. నేడు కంపాలా బజారులో కనిపించే భారతీయులలో చాలామంది 1990ల తర్వాత నేరుగా మన దేశం నుంచి వెళ్ళిన కొత్తవారు. దేశ పన్నులలో సగానికి పైగా ఈ చిన్న సమాజమే కడుతోందని తరచూ చెప్పుకుంటారు. పెద్ద కంపెనీలు ప్రభుత్వ ఖజానాకు జమచేసే పన్నులో వినియోగదారుడి డబ్బు కూడా ఉంటుంది కనుక ఆ మాటను జాగ్రత్తగా వాడాలి. పైగా అటువంటి గొప్పలు వినేవారిలో కృతజ్ఞత కంటే అనుమానాన్నే పెంచుతాయి. 2007లో మబీరా అడవిలో సుమారు 7,000 హెక్టార్లను మెహతా చక్కెర సంస్థకు ఇవ్వాలన్న ప్రతిపాదనపై కంపాలాలో నిరసన హింసగా మారి, ఆ చక్కెరతో సంబంధమే లేని ఒక భారతీయుణ్ణి గుంపు చంపింది. ముప్పై అయిదేళ్ళ నాటి నడిమి అంతస్తు కూలిపోలేదని ఆ రోజు తెలిసింది.

బ్రిటన్‌లో ఉగాండా మూలాలున్నవారు పార్లమెంటు ఉభయ సభల్లోనూ కూర్చున్నారు. 1960లలో ఉగాండా నుంచి వచ్చిన దంపతుల కుమార్తె ప్రీతీ పటేల్ 2019లో హోంమంత్రి అయి, వలస నిబంధనలను బిగించారు. ఆ నిబంధనలు అప్పుడే ఉంటే తన తల్లిదండ్రులకు అనుమతి దొరికేది కాకపోవచ్చని ఆమే ఒప్పుకున్నారు. ఇది చేదు ఉదాహరణే అయినా, వలసదారుల బిడ్డ రాజ్యం తరఫున తలుపు వేయగల స్థానంలో ఉండటం ఉగాండాలో మూడు తరాల సంపదతోనూ దక్కనిది. ఉగాండా 1995 రాజ్యాంగం మూడో షెడ్యూలులో, 1926 ఫిబ్రవరి 1 నాటికి దేశంలో ఉన్న మూలవాసి సమాజాల జాబితా ఉంది. పుట్టుకతో వచ్చే పౌరసత్వం ప్రధానంగా ఆ జాబితాపై ఆధారపడింది. ఆ తేదీకి ముందే అల్లిదీనా విశ్రామ్ కొట్లు తెరిచి మూసేశారు, లుగాజీలో చెరకు గానుగ ఆడుతోంది. జాబితాలో భారతీయులు లేరు. వారిలో చాలామంది నమోదు చేయించుకునే పౌరులు కావాలి. లెస్టర్‌లో రాత్రి షిఫ్టు చేసిన మనిషి మనవడికి ఆ దరఖాస్తు అవసరం లేదు.