అవ్వను ‘పరిమితుల్లో’ రాయకండి
(నల్లగొండలో చివరి ఏడాది ఎం.టెక్., ఎంసీఏ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, నాకు గైడుగా ఉన్న సార్‌కు నమస్కారం. శాలువా కప్పుతూనే ప్రిన్సిపాల్ గారు ‘పది నిమిషాలే’ అని చెవిలో చెప్పారు. కాబట్టి మిగతా మర్యాదలు అయిపోయాయనుకోండి.

హెచ్‌సీఐలో, అంటే మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య వ్యవహారం మీద, ప్రాజెక్టు ఎలా పూర్తి చేయాలో చెప్పమన్నారు. సినాప్సిస్, రివ్యూలు, ప్లేజరిజం రిపోర్టు, వైవా సంగతులు మీ సీనియర్లే బాగా చెబుతారు. నేను ఒక బొటనవేలు గురించి చెప్తాను.

మర్రిగూడ వైపు ఒక ఊళ్లో, పింఛను వివరాలు చూసుకునే నమూనా యాప్‌ను ఒక అవ్వ చేతికిచ్చాను. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన చేయి అది. చూపుడువేలు చాపలేక బొటనవేలిని పక్కకు వాల్చి ఒత్తింది. ఒత్తి అట్లనే పట్టుకుంది. అర సెకను అటూఇటూగా వేలు ఆగిందంటే ఫోను దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. మేం పెట్టిన బటన్ పనిచేయలేదు, కాపీ, షేర్ అంటూ ఇంకేదో మెనూ వచ్చింది. అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుని, “ఖరాబ్ చేసిన్నా బిడ్డా?” అంది.

కృష్ణా నీళ్లు వచ్చాయి, మంచిదే. కానీ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడును ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు, నల్లా వచ్చిందని వంగిన కీలు సాపు చేసుకోదు కదా. సరే, నా విషయం అది కాదు. అదే కూడాననుకోండి.

రివ్యూలో ఒక పెద్దమనిషి, ఎవరని అడగొద్దు, “యూజర్ ఇల్లిటరేట్ కదమ్మా, లిమిటేషన్స్‌లో రాసెయ్, ట్రైనింగ్ వీడియో పెట్టు” అన్నారు. లిమిటేషన్స్ అంటే రిపోర్టులో ప్రాజెక్టు పరిమితులు ఒప్పుకునే భాగం. చదువుకూ కీలుకూ ఏం సంబంధం? ఇప్పటికీ నాకు మంటే. మా సార్ మాత్రం ఒక్కటే అడిగారు: “ఎంతసేపు ఒత్తిందో లాగ్ చూశావా?” చూస్తే, ఆ ఊళ్లో చాలామంది వేళ్లు అట్లనే ఆగాయి.

పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు, గురి చిన్నదైనా దూరమైనా చేయి చేరడానికి ఆలస్యమవుతుందని. అప్పటికి మౌస్ కూడా పుట్టలేదు. ఆయన లోహపు పలకల మీద కడ్డీతో తట్టించి కొలిచాడు. ఆండ్రాయిడ్ వాళ్లు బటన్ కనీసం 48 డీపీ ఉండాలంటారు. డీపీ అంటే తెర మీద వాడే కొలత, 48 అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. పక్కకు వాలిన బొటనవేలికి అదెక్కడ సరిపోతుంది? మేం లాంగ్ ప్రెస్ తీసేశాం, బటన్‌ను తెర వెడల్పంతా పరిచాం. అవ్వకు ఏ ట్రైనింగూ ఇవ్వలేదు. ఆమె పని ఆమే చేసుకుంది.

ఇప్పుడు మీ సంగతి. యూజర్ స్టడీ పేరుతో రూమ్మేట్లకు గూగుల్ ఫారం పంపినవాళ్లు చేతులెత్తండి. పర్లేదు, సార్ అటు చూస్తున్నారు. చాలామందే ఉన్నారే! వాడటం ఎంత సులువో కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన ఎస్‌యూఎస్ ప్రశ్నావళి మీరూ వాడే ఉంటారు. పది వాక్యాల్లో సగం యాప్‌ను మెచ్చుకునేవి, సగం తిట్టేవి. మీ దోస్తు చదవకుండా అన్నిటికీ 5, అంటే ‘పూర్తిగా ఒప్పుకుంటా’ అని కొడితే, మెచ్చుకోలూ తిట్టూ చెల్లుకు చెల్లై స్కోరు వందకు 50 వస్తుంది. ఆ యాభైని మీరు గ్రాఫు వేసి, రంగులద్ది, మూడు పేజీల చర్చ రాస్తారు.

దయచేసి ఊళ్లోకి పోండి. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకునేముందు చదివి వినిపించండి. “పరీక్ష నీకు కాదవ్వా, ఈ యాప్‌కే” అని చెప్పండి, మధ్యలో ఇంకోసారి చెప్పండి. ఒత్తేటప్పుడు మీరు వేలు పెట్టి సాయం చేయకండి.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. టైటిల్ ఖాయం చేసుకున్నవాళ్లు లేచి చెప్పండి. ఎవరి మీద పరీక్షిస్తారో అదీ చెప్పాలి. వెనక వరస నుంచి మొదలుపెడదాం, ఆ కిటికీ పక్క అమ్మాయి.